మా ఆయన ఆధార్ మీద రెండో మీటరు

ఈ సంగతులు ఇంతకు ముందే రాసి ఉండాల్సింది. జబ్బు వచ్చిన ఏడు నాకు అక్షరాలు రావు. మందుల చీటీ తలకిందులుగా పట్టుకున్నా తెలిసేది కాదు. కెమో జరిగే రోజుల్లో పనికి పోలేక ఇంట్లో ఉంటే, మా డ్వాక్రా గ్రూపు లీడరు కోటేశ్వరి మధ్యాహ్నం పూట వచ్చి పలక మీద దిద్దించింది. అక్షరాలు వచ్చే సరికి చేయి వాచింది. ఆపరేషన్ జరిగింది కుడి వైపు, రాసేదీ కుడి చేత్తోనే. నాలుగు లైన్లు రాస్తే మోచేతి నుంచి వేళ్ల దాకా బరువెక్కుతుంది. అందుకని రోజుకు కాస్త, ఆపి ఆపి రాశాను. తప్పులు కోటేశ్వరి దిద్దింది.

నా పేరు సైదాబీ. గురజాలలో అందరూ సైదమ్మ అంటారు. మా ఆయన మస్తాన్ వలీ, పొలాల్లో మందు కొట్టే స్ప్రేయర్లు, నీళ్ల మోటార్లు బాగుచేస్తాడు. నేను సీజన్‌లో పత్తి తీతకు, ఆ తర్వాత మిరప కోతకు పోయేదాన్ని. మాకు ఒక్కతే కూతురు, మాచర్లలో కాపురం.

పత్తి తీసేటప్పుడు మేం పాత చీరను ఒడిగా కట్టుకుంటాం. ఒక కొస నడుముకు చుట్టుకుంటే ఇంకో కొస భుజం మీదుగా వచ్చి రొమ్ము పక్కన ముడి పడుతుంది. ఒడి నిండే కొద్దీ ఆ ముడి లాగుతుంది, ఒరుసుకుంటుంది. ఏటా ఆ చోట గట్టిపడి, పత్తి అయిపోగానే మామూలవుతుంది. ఆ ఏడు కుడి రొమ్ము పక్కన శనగ గింజంత తగిలినప్పుడు ఇది కూడా అదే అనుకున్నాను. ముడిని ఎడమ వైపుకు మార్చుకున్నాను.

పక్క సాలులో తీస్తున్న నాగమ్మ చూసింది.

"ఏందక్కా, ఇయ్యాల ముడి అటు ఏశావు?"

"ఒరుసుకుంటందే."

"నాకూ అంతే. పసుపు రాయి, పోద్ది."

పసుపు రాశాను. పత్తి అయిపోయింది. మిరప కోతలు వచ్చాయి. కోతల్లో ఒడి లేదు, ముడి లేదు, గడ్డ మాత్రం ఉంది. నిమ్మకాయంత అయింది. నొప్పి లేదు కాబట్టి జబ్బు కాదనుకున్నాను. ఒక రోజు నీళ్లు పోసుకుంటూ చూసుకుంటే ఆ చోట చర్మం లోపలికి లాక్కుపోయి గుంటలాగా ఉంది. తడి బట్టలతోనే కాసేపు అక్కడే కూర్చున్నాను.

గురజాలలో లేడీ డాక్టరు చెయ్యి పెట్టి చూసి, "ఎన్నాళ్ల నుంచి ఉంది?" అని అడిగింది.

"పత్తి తీతల నుంచమ్మా."

"మిర్చి కూడా అయిపోవస్తోంది కదమ్మా! ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావు?"

పసుపు రాస్తున్నానని చెప్పడానికి నోరు రాలేదు.

నరసరావుపేట పంపించింది. అక్కడ మామోగ్రామ్ తీశారు, ఆ తర్వాత బయాప్సీ. రిపోర్టుకు పది రోజులు. వీటికి గవర్నమెంటు హెల్త్ కార్డు పనికిరాదన్నారు. జబ్బు ఏదో తేలితేనే కార్డు, తేలడానికయ్యే ఖర్చు మనదే. ఇది నాకు అప్పుడే తెలిసింది. రిపోర్టు తీసుకుని గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లాం. డాక్టరు పెద్దాయన. కాగితాలు చూసి నా వైపు కాకుండా మా ఆయన వైపు తిరిగి చెప్పాడు.

"కార్సినోమా. స్టేజ్ త్రీ దగ్గర ఉంది. ముందు సర్జరీ, తర్వాత ఎనిమిది సైకిల్స్ కెమో, ఆ తర్వాత రేడియేషన్. కార్డు ఉందిగా?"

"ఉంది సార్."

"అయితే ధైర్యంగా ఉండండి."

మా ఆయనకు అందులో కార్డు అన్న మాట ఒక్కటే అర్థమైంది. బస్సులో పిడుగురాళ్ల దాకా అదే మాట అంటూ వచ్చాడు. "కార్డు ఉందిలేవే, కార్డు ఉందిలే."

కార్డు కింద ఆపరేషన్‌కు అప్రూవల్ రావడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ వార్డు బయట వరండాలో పడుకున్నాం. సర్జరీ అయింది. రొమ్ము తీసేశారు, చంకలో గడ్డలు కూడా తీశారు. లోపలి నీరు బయటికి రావడానికి రెండు ట్యూబులు, వాటికి రెండు డబ్బాలు. డబ్బాలు చేతి సంచిలో పెట్టుకుని బాత్రూంకు నడిచేదాన్ని. నర్సమ్మ రోజూ, "ఇయ్యాల ఎంత వచ్చింది?" అని అడిగి రాసుకునేది. పత్తి తూకం వేసినట్టే ఉండేది.

కెమో మూడు వారాలకు ఒకసారి. మొదటి నాలుగూ ఎర్ర మందు. ఎక్కించిన మూడో రోజు నుంచి నోట్లో పుండ్లు, ఏం తిన్నా ఇనుము రుచి. వీధిలో ఎవరైనా మిరపకాయలు వేయిస్తే తలుపు వేసుకునేదాన్ని. జుట్టు రెండో కెమోకు ముందే దువ్వెనతో పాటు వచ్చేసింది.

"నూనె ఖర్చు తగ్గిద్దిలే," అన్నాడు మా ఆయన.

"నీకు తగ్గి ఇరవై ఏళ్లయింది. ఏం మిగిల్చావు?" అన్నాను.

ఆ రోజుల్లో మేం నవ్వింది అలాంటి మాటలకే. ఒకసారి రక్తంలో కౌంట్స్ పడిపోయి జ్వరం వచ్చింది, వారం రోజులు ఆసుపత్రిలో ఉంచారు. అదీ కార్డు కిందే చేశారు. నాలుగు సైకిల్స్ ఎలాగో దాటాం.

ఐదో దానికి వెళ్లిన రోజు కార్డు కౌంటర్లో కూర్చునే అమ్మాయి నా నంబరు రెండు సార్లు కొట్టి చూసింది.

"ఆంటీ, మీది ఇన్‌ఎలిజిబుల్ అని చూపిస్తోంది."

"అంటే?"

"అంటే కార్డు పనిచెయ్యట్లేదు. పద్ధతి మారింది కదా. ఇకనుంచి ఇన్సూరెన్స్ కంపెనీ ద్వారా ఇస్తారు. మనిషికింత అని గవర్నమెంట్ కంపెనీకి కట్టాలి. అందుకని లిస్టులన్నీ మళ్లీ చెక్ చేశారు. మీ ఇల్లు తీసేశారు."

"నాలుగు ఎక్కించారు కదమ్మా. జబ్బు మధ్యలో ఎట్టా తీసేస్తారు?"

"జబ్బు చూసి తియ్యరాంటీ. మీ వార్డు సచివాలయంలో అడగండి."

ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. నా వెనక ఇంకో ఇద్దరికీ అదే మాట చెప్పింది, అదే గొంతుతో.

డాక్టరు దగ్గరకు వెళితే, "ఐదో సైకిల్ నుంచి మందు మారుతుంది. పాక్లిటాక్సెల్. గ్యాప్ మాత్రం ఇవ్వకూడదమ్మా. ట్వంటీ వన్ డేస్ అంటే ట్వంటీ వన్ డేసే," అన్నాడు. పెద్ద గవర్నమెంటు ఆసుపత్రికి రాసిస్తానని కూడా అన్నాడు, కాని అక్కడ ఫైలు మొదటి నుంచి కట్టించుకోవాలి, వరుసలో ఎప్పుడు పిలుస్తారో చెప్పలేమన్నాడు. మా ఆయన ఆ రోజే గురజాల వెళ్లి వెల్డింగ్ మిషన్ అమ్మేసి మర్నాడు వచ్చాడు. ఐదోది ఆ డబ్బుతో ఎక్కించారు. ఆరోదానికి అమ్మడానికి ఇంట్లో ఏమీ లేదు.

సచివాలయంలో కంప్యూటర్ దగ్గర కూర్చునే అమ్మాయి లక్ష్మి. మా కోటేశ్వరికి మేనకోడలు. నా తలకు కట్టుకున్న గుడ్డ చూసి కుర్చీ వేసింది.

"కరెంటు యూనిట్లు ఎక్కువున్నాయి పిన్నీ. అందుకే రైస్ కార్డూ పోయింది, హెల్త్ కార్డూ పోయింది."

"మాకు రెండు లైట్లు, ఒక ఫ్యానే లక్ష్మీ. ఆ ఫ్యాను కూడా తిరుగుతుందో లేదో దగ్గరికి పోయి చూడాలి."

"మీ ఇంటి మీటరు కాదు. బాబాయి ఆధార్ మీద ఇంకో మీటరుంది."

"ఇంకో మీటరా! యాడుంది?"

"అడ్రసు రాలేదు. సర్వీసు నంబరుంది." ఒక చీటీ మీద రాసిచ్చింది.

అంకెలు నాకు ముందు నుంచే వచ్చు. కూలి లెక్కకు అవి చాలు. ఆ చీటీ పట్టుకుని మా వీధిలో ఒక్కో మీటరు పెట్టె దగ్గరా ఆగి, పైన పెయింటుతో రాసిన నంబరు చూసుకుంటూ నడిచాను. నాలుగు ఇళ్లు నడిస్తే కూర్చోవాల్సి వచ్చేది. అరుగుల మీద ఆడవాళ్లు చూస్తున్నారు.

"ఏంది సైదమ్మా, కరెంటోళ్ల ఉద్యోగం వచ్చిందా?"

"వచ్చింది. నీ బిల్లు కట్టకపోతే ఫీజు పీకుతా."

"పీకు తల్లీ, అది పెట్టడానికన్నా మా ఆయన ఇంటికొస్తాడు."

నంబరు దొరికింది. మా గదికి ఎదురుగా, మా ఇంటి ఓనరు సాంబయ్య గారి మేడకు. కింద ఒక మీటరు, మెట్ల పక్కన పైవాటాకు ఇంకొకటి. చీటీలో ఉన్నది ఆ రెండోది. తల ఎత్తి చూస్తే పైన గోడకు రెండు ఏసీ పెట్టెలు కనిపించాయి.

మా ఆయన షాపు నుంచి వచ్చాక అడిగాను. చేతికున్న గ్రీజు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"ఈ గదిలో దిగేటప్పుడు అడిగాడే. 'ఒరే వలీ, ఆధార్ ఒకటి ఇవ్వరా, మీటరుకు కావాల' అన్నాడు. మనింటి మీటరుకనుకున్నా."

"జిరాక్సు ఇచ్చి ఊరుకున్నావా?"

"అడ్వాన్సు లేకుండా గదిచ్చిన మనిషే. ఏమని అడగను? ఈ వీధిలో అద్దెకున్నోళ్లందరూ ఇచ్చారు."

అది నిజమే. తర్వాత తెలిసింది. ఒక్క పేరు మీద యూనిట్లు ఎక్కువ కనిపిస్తే కార్డు పోతుందని, మీటర్లున్న వాళ్లు రెండో మీటరుకు అద్దెవాళ్ల ఆధార్‌లు ఎక్కించుకున్నారు. అడిగిన వాళ్లకు తప్పనిపించలేదు, ఇచ్చిన వాళ్లకూ అనిపించలేదు. పాత పద్ధతిలో ఎవరికీ ఏమీ కాలేదు. జాబితా మళ్లీ జల్లెడ పట్టే సరికి జబ్బున్న నా మీద పడింది.

లక్ష్మిని అడిగితే, ఓనరు తన ఆధార్ ఇచ్చి కరెంటు ఆఫీసులో మార్పించుకుంటే తప్ప మా పేరు తిరిగి రాదని చెప్పింది. ఆరో సైకిల్‌కు అప్పటికి ఆరు రోజులుంది.

సాయంత్రం సాంబయ్య గారి ఇంటికి వెళ్లాను. ఆయనకు వార్డు రాజకీయాల్లో పేరుంది, ఎప్పుడూ నలుగురు కూర్చుని ఉంటారు. మెట్లెక్కే ఓపిక లేక కింద మెట్టు మీదే కూర్చున్నాను.

"ఏందమ్మాయ్, ఆరోగ్యం ఎట్టుంది?" అన్నాడు.

"ఏసీలో పడుకునేది మీరు, కార్డు పోయింది మాకు, అన్నా," అన్నాను.

కూర్చున్న వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని లేచారు. ఆయన దగ్గరకు వచ్చి గొంతు తగ్గించాడు.

"అందరూ చేసేదే కదమ్మా. నేనొక్కణ్ణే చేశానా? ఇప్పుడు ఆ మీటరు నా మీదకు మారిస్తే నా కార్డు పోద్ది. అమ్మకు మోకాళ్ల ఆపరేషన్ దాని మీదే రాయించా. మిర్చి రేటు చూస్తన్నావుగా. టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో అట్టానే ఉన్నయ్. నేను మాత్రం యాడ నుంచి తేను?"

ఆయన అబద్ధం చెప్పలేదు. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, నిజంగానే స్టోరేజీలో ఉన్నాయి.

"ఒక కెమోకు నేను కట్టిస్తా. ఈ సంగతి మాత్రం ఆఫీసు దాకా పోనీయమాక," అన్నాడు.

"ఇంకా మూడున్నయ్ అన్నా. ఆ తర్వాత రేడియేషన్. ఆ తర్వాత ఏళ్ల తరబడి మాత్రలు. ఎన్నిటికి కట్టిస్తారు?"

నాకు కళ్లు తిరుగుతున్నాయి. ఆ ఒక్కటి ఒప్పుకుంటే తారీఖు తప్పకుండా ఆరోది ఎక్కుతుంది. ఏడోదానికి మళ్లీ ఇదే మెట్టు. లేచి వచ్చేశాను. అప్పుడు చేసింది సరైనదో కాదో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆరో సైకిల్ తారీఖు వచ్చింది, పోయింది. మా ఆయన నాతో సరిగా మాట్లాడలేదు. కూతురు ఫోన్లో, "తీసుకోవాల్సిందమ్మా, నీ పట్టుదలకు ఇది సమయమా?" అని ఏడ్చింది. రోజూ పొద్దున అద్దం ముందు నిలబడి చంక కింద తడిమి చూసుకునేదాన్ని.

పదో రోజో ఎప్పుడో, వీధిలో కేకలు వినపడ్డాయి. సాంబయ్య గారి తల్లి నాగరత్నమ్మ. మేం పెద్దమ్మ అంటాం. ఎనభై దగ్గరున్న మనిషి, మోకాళ్లు వంగవు, అరుగు మీద మంచంలోనే కాలక్షేపం. అక్కడ కూర్చుంటే వీధిలో ఎవరు ఏం మాట్లాడుకున్నా ఆమె చెవిన పడుతుంది.

"ఒరేయ్ సాంబిగా, నా మోకాళ్లను అడ్డం పెట్టుకుని దాని నోటికాడ మందు లాక్కుంటావంట్రా? నేను నడవకపోతే మంచంలో కూర్చుంటా. అది మంచంలో పడితే లేస్తదా?"

"అమ్మా, అరవమాకు. పరువు పోద్ది."

"పోయిందాకా నేను ఊరుకోను. పద, కరెంటాఫీసుకు. నువ్వు పోకపోతే నేనే మంచంతో మోయించుకుని పోతా."

మర్నాడు సాంబయ్య గారు వెళ్లి మార్పించారు. వెంటనే ఏమీ కాలేదు. కరెంటు ఆఫీసులో మారింది సచివాలయం కంప్యూటర్లోకి రావాలి, అక్కడ నుంచి పై ఆఫీసుకు, అక్కడ నుంచి కంపెనీకి. లక్ష్మి రోజూ చూసేది. నా ఆరో సైకిల్ ఇరవై రోజులు ఆలస్యంగా ఎక్కింది.

"గ్యాప్ వచ్చేసిందమ్మా," అన్నాడు డాక్టరు. "దాన్ని వెనక్కి తేలేం. మిగతావి టైముకు చేద్దాం."

దాని వల్ల ఏమవుతుందని అడిగాను. "చెప్పలేను," అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నాతోనే ఉంది.

కొత్త పద్ధతిలో ఒక మంచి ఉంది, చెప్పకపోతే తప్పవుతుంది. అప్రూవల్ పొద్దున పంపితే సాయంత్రానికి వచ్చేసింది, వరండాలో పడుకునే పని లేదు. కాని కార్డు ఉన్నా ఖర్చు ఉంటుంది. వాంతులు ఆగే ఒక ఇంజెక్షన్ ప్యాకేజీలో లేదన్నారు, బయట కొన్నాం. రేడియేషన్‌కు ముందు ఒక స్కాన్ మమ్మల్నే తీయించుకోమన్నారు. రేడియేషన్ జరిగిన ఐదు వారాలూ గుంటూరులో ఒక గదిలో ఉన్నాం, మా ఆయన షాపు మూసే ఉంది. వైద్యం ఉచితమే. రోగి బతకడానికయ్యేది మాత్రం మేమే పెట్టుకున్నాం.

సాంబయ్య గారు మమ్మల్ని ఖాళీ చేయమనలేదు. మాట్లాడటం మానేశారు. మూడు నెలలకు మేమే రెండు వీధుల అవతల గది చూసుకున్నాం. వాళ్ల కార్డు పోయింది. పెద్దమ్మ ఆపరేషన్ మిర్చి అమ్మాక అన్నారు, మిర్చి అమ్మారు, తర్వాత ఇంకేదో వచ్చింది.

ఇప్పుడు నాకు రోజూ ఒక మాత్ర, ఆరు నెలలకు ఒకసారి చెకప్. చేయి వాపును లింఫెడిమా అంటారు. రబ్బరు తొడుగు వేసుకోవాలి, కుడి చేత్తో బరువు ఎత్తకూడదు. పత్తి తీతకు పోను. ఇంట్లో కూర్చుని మిరపకాయల తొడిమలు ఎడమ చేత్తో తీస్తాను. వేగం రాదు, కూలి తక్కువ. సాయంత్రం అయ్యే సరికి ఒళ్లు పూర్తిగా అలిసిపోతుంది.

పోయిన వారం చెకప్‌కు వెళ్లాను. "ఏం లేదమ్మా, క్లియర్," అన్నాడు డాక్టరు. బస్సు దిగి వస్తూ పాత వీధిలో నుంచి వచ్చాను. పెద్దమ్మ అరుగు మీదే ఉంది.

"ఏమన్నారే?"

"ఏం లేదన్నారు పెద్దమ్మా."

"అయితే ఆ ఏడుపు మొగమేంది? జబ్బు లేదన్నారని బెంగా?"

"మీ మోకాళ్లు నా వల్లనే గదా..."

"ఏడిశావు. నీ వల్లనా, మా వాడి వల్ల. మీ ఆయన్ని అడగవే, కాస్త ఆయిలు పోసి మోటారు తిరిగేట్టు చేస్తాడేమో."

నవ్వుతూనే ఒక కాలు రెండు చేతులతో పట్టుకుని మంచం మీదకు ఎత్తి పెట్టుకుంది. ఆ కాలు తనంతట తాను లేవలేదు.

నాలాంటి వాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. ఇంట్లో అందరూ బాగున్న రోజునే సచివాలయానికి వెళ్లండి. మీ ఇంట్లో ఒక్కొక్కరి ఆధార్ మీద ఏ మీటరు ఉంది, ఏ బండి ఉంది, ఏ పొలం ఉంది అని అడిగి, కాగితం మీద తీసుకోండి. చదవడం రాకపోతే చదివించుకోండి. మీది కానిది ఉంటే అప్పుడే తీయించండి. జబ్బు వచ్చాక వెళితే రోజులు లెక్కపెట్టుకోవాల్సి వస్తుంది.

ఆ చెకప్‌కు వెళ్లొచ్చిన మర్నాడు పొద్దున్నే పాత వీధికి వెళ్లి పెద్దమ్మను ఆటో ఎక్కించాను. సాంబయ్య గారు గుమ్మంలో నిలబడి చూశారు, వద్దనలేదు. బస్టాండులో కండక్టరూ నేనూ చెరో పక్క పట్టుకుని ఆమెను బస్సు ఎక్కించాం. నరసరావుపేట గవర్నమెంటు ఆసుపత్రిలో ఎముకల డాక్టరుకు ఓపీ చీటీ రాయించాను. ఆ చీటీకి కార్డు అడగరు. డాక్టరు రావడానికి ఇంకా గంట పడుతుందన్నారు. పెద్దమ్మను బెంచీ మీద కూర్చోబెట్టి, ఆమె బదులు నేను లైన్లో నిలబడ్డాను.